మనసు నడుగవలసిన నాలుగు ప్రశ్నలు



బిడ్డ యొడలు వెచ్చబడినచో వెంటనే నుదుట చేయి యుంచి చూతుము. అనుమానము తీరకున్న థర్మామీటరు పెట్టుదుము. మనసు నలిగినప్పుడు మాత్రము మనము అట్టి పరీక్ష యేదియు చేయము. “ఏమియు లేదు, కొంచెము నీరసము” అని మరల పనిలో పడుదుము. దిగులు, గుబులు, బెంగ, కలత అని మన భాషలో ఎన్ని మాటలు లేవు! అయినను వైద్యుని యెదుట కూర్చుండినప్పుడు వీనిలో నొక్కటియు నోట రాదు. తలనొప్పి యనియు, గుండెదడ యనియు, నిద్ర పట్టదనియు చెప్పి, వానికి మాత్రమే మందు తెచ్చుకొందుము. అసలు బాధ యింటిలోనే మిగిలిపోవును.

మనసునకును థర్మామీటరు వంటి చిన్న పరీక్ష యొకటి కలదు. దీనిని 2009వ సంవత్సరమున క్రోయెంకె, స్పిట్జర్ మొదలగు పరిశోధకులు ప్రకటించిరి. పీ.హెచ్.క్యూ.-4 అని దీనికి పేరు. నాలుగే ప్రశ్నలు, రెండు నిమిషములు చాలును. గడచిన రెండు వారములను జ్ఞాపకము చేసికొని, ఈ క్రింది బాధలు ఎన్ని దినములు కలిగినవో ఎవరికి వారే చెప్పుకొనవలెను.

మొదటిది: మనసు కుదురు లేక గాబరాగా, ఉద్వేగముగా నుండెనా?
రెండవది: చింతను ఆపుకొనవలెనన్నను ఆపుకొనలేకపోతినా?
మూడవది: చేయు పనులయందు ఆసక్తి గాని సంతోషము గాని తగ్గెనా?
నాలుగవది: మనసు క్రుంగి, దిగులుగా, ఆశ లేనట్లుగా నుండెనా?

అసలు లేదన్నచో 0, కొన్ని దినములన్నచో 1, సగము దినములకు మించి యన్నచో 2, దాదాపు ప్రతిదినము నన్నచో 3 వేసికొనవలెను. మొదటి రెండును కలిసి 3 గాని అంతకు మించి గాని యైన ఆందోళన వ్యాధి యున్నదేమో చూపించుకొనవలెను. తక్కిన రెండును కలిసి 3 గాని అంతకు మించి గాని యైన క్రుంగుబాటును అనుమానింపవలెను. నాలుగింటి మొత్తము 2 లోపల నున్న భయము లేదు. 3 మొదలు 5 వఱకు స్వల్పము, 6 మొదలు 8 వఱకు మధ్యమము, 9 మొదలు 12 వఱకు తీవ్రము.

ఉదాహరణమునకు మన చిత్తూరు జిల్లాలో బంగారుపాళెము దగ్గర నున్న యొక రైతు గృహిణిని ఊహించుకొందము. తోతాపురి కాయకు ధర పడిపోయినది. తోట మీద తెచ్చిన యప్పు తీరలేదు. ఆమెకు నడురేయి మెలకువ వచ్చును. తెల్లవారువఱకు వడ్డీ లెక్కలే. గుండెదడ యని మూడు మాఱులు డాక్టరు కడకు పోయి వచ్చినది. ఆమె మొదటి ప్రశ్నకు 2, రెండవదానికి 3, తక్కిన రెండింటికి ఒక్కొక్కటి వేసికొన్నదనుకొందము. మొదటి జంట 5, రెండవ జంట 2, మొత్తము 7. ఈ యంకె ఆమె యప్పును తీర్చదు. కాని గుండెదడతోపాటు చింతను గూర్చియు డాక్టరునకు చెప్పవలెనని ఆమెకు తెలుపును. ఆ మాట చెప్పనిచో నాలుగవ మాఱును ఆమె గుండెదడ మందుతోనే తిరిగి వచ్చును.

ఇది వ్యాధిని నిర్ణయించు పరీక్ష కాదని మఱువరాదు. రక్తహీనత వలనను, థైరాయిడ్ గ్రంథి మందగించుట వలనను ఇట్టి నిస్సత్తువయు దిగులును కలుగవచ్చును. దానిని రక్తపరీక్షతో తేల్చువాడు వైద్యుడు. మఱియొక ముఖ్య విషయము. చావవలెనను తలంపును గూర్చి ఈ నాలుగింటిలో ప్రశ్న లేదు. అట్టి తలంపు కలిగినచో అంకె యెంత తక్కువగా నున్నను, ఆ దినమే దగ్గరివారికి చెప్పవలెను, వైద్యసహాయము పొందవలెను. వారిని ఒంటరిగా విడువరాదు.

అంకె తెలియుట సులభము. దాని తరువాతి యడుగే కష్టము. దీనికి మన రాష్ట్రముననే నిదర్శనము కలదు. పశ్చిమ గోదావరి జిల్లాలో గిరిజన గ్రామములయందు ఆశా కార్యకర్తలు ఇంటింటికి పోయి ఇట్టి ప్రశ్నలనే యడిగిరి. ఆ వివరములు 2017లో ప్రకటింపబడినవి. 5007 మందిని అడుగగా 238 మందికి ఆందోళనయో, క్రుంగుబాటో యుండవచ్చునని తోచినది. అంతకు మునుపు వారిలో చికిత్సకై పోయినవారు ఇద్దరే! ఆశాలు చెప్పిన పిమ్మట 30 మంది పోయిరి. పలుకరించు మనిషి యొకరు వాకిటికి వచ్చినంతనే ఇద్దరు ముప్పదిమందియైరి. అయినను ఇన్నూటికి పైబడినవారు కదలలేదు. వారిని కదలింపవలసినది ఇంటివారమే.

మనలో ననేకులు సుందరకాండ పారాయణము చేయుదురు. అందు దుఃఖముచే ప్రాణములు విడువ దలచినది సీత యొక్కతెయే కాదు. లంకయంతయు వెదకి ఆమెను కానక హనుమంతుడును అట్లే తలచెను. అంతటి బలశాలికి వచ్చిన నిరాశను ఎవరును పిరికితన మనరు గదా! తరువాత అశోకవనమున సీతను కనుగొన్నప్పుడు ఆతడు ఒక్కసారిగా ఎదుట దుముకలేదు. ఏ భాషలో, ఏ రీతిగా పలికిన ఆమె బెదరకుండునో యాలోచించి, మెల్లగా రామకథను ఆరంభించెను. క్రుంగినవారిని పలుకరించు మర్యాద యిదియే. “నీకేమి తక్కువ?” అనరాదు, “అందఱికిని లేవా కష్టములు?” అనరాదు. “ఈ మధ్య నీకు నిద్ర పట్టుచున్నదా?” అని ప్రక్కన కూర్చుండి యడిగిన చాలును. చదువు రాని యత్తగారికి ప్రశ్నలను మనమే చదివి వినిపింపవచ్చును. ఉత్తరమును మాత్రము ఆమెనే చెప్పనీయవలెను.

ఎక్కడికి పోవలెనందురా? తిరుపతిలో రుయా ఆస్పత్రి యందు మానసిక వైద్య విభాగము కలదు. చిత్తూరువారికి వెల్లూరు దగ్గరనే. అచ్చటి క్రైస్తవ వైద్య కళాశాలవారు బాగాయమున నడపు మానసిక ఆరోగ్య కేంద్రము 1957 నుండి యున్నది. ఇల్లు కదలలేనివారికి 14416 అను ఫోను కలదు. దాని పేరు టెలి-మానస్. 2022లో ఆరంభమైన ఈ సేవకు రుసుము లేదు. రాత్రింబవళ్లు పలుకుదురు, తెలుగులో మాటాడవచ్చును. చికిత్స యనగా మందే కానక్కరలేదు. క్రమముగా మాటాడి చింతను అదుపులో పెట్టుట నేర్పు పద్ధతులును కలవు. మందు వ్రాసిన యెడల అది గుణమిచ్చుటకు కొన్ని వారములు పట్టును. నాలుగు దినములలో తగ్గలేదని గాని, తగ్గినదని గాని స్వయముగా మానరాదు. నలుగురికిని తెలియునేమో యను జంకు వలదు. రోగి విషయమును గుట్టుగా నుంచవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము విధించుచున్నది.

పాలవాని లెక్క, చాకలి లెక్క వ్రాసికొను పుస్తకమున ఒక పుటలో ఈ నాలుగు ప్రశ్నలను, ఆ ఫోను సంఖ్యను వ్రాసి యుంచుకొనుడు. మన కొఱకు అక్కఱపడకున్నను, పురిటికి వచ్చిన కూతురికో, పరీక్ష తప్పిన పిల్లవానికో, ఉద్యోగము విడిచి యింట కూర్చున్న పెద్దవారికో యొకనాడు పనికివచ్చును.