ఆర్నెల్ల అమ్మమ్మలు

తొలికాన్పు పుట్టింట జరగాలన్నది మన ఆనవాయితీ. ఉయ్యూరు, పామర్రు, గుడివాడ వైపు పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో అది తిరగబడింది. కూతురు పురిటికి రావడం లేదు. తల్లే పథ్యం పొడులు, శొంఠి సర్దుకుని డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్తోంది. విజిటర్ వీసా మీద ఆమెకు దొరికేది మామూలుగా ఆర్నెల్లు. ఆ గడువు తీరేసరికి వియ్యపురాలు దిగుతుంది. ఈ వంతుల్ని చూసి చుట్టాలు అదృష్టమంటారు. వెనకటి తరం వలసదారులకు దక్కిన హక్కొకటి ఈ తరానికి అందడం లేదని నేనంటాను.

ఆ హక్కు మొదటినుంచీ ఉన్నది కాదు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలినాళ్లలో అమెరికా వెళ్లారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. 1948లో అక్కడే కన్నుమూసేదాకా ఆయన తిరిగి రాలేదు. 1923లో, భగత్‌సింగ్ థింద్ కేసులో, భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో పౌరసత్వంతోపాటు వలసకూ తలుపు కాస్త తెరిచారు. వలసకైతే మన దేశం మొత్తానికి ఏడాదికి 100 మందే!

అసలు మార్పు 1965 నాటి వలస చట్టంతో వచ్చింది. ఆ తర్వాత గుంటూరు, విశాఖ వైద్య కళాశాలల్లో చదివిన డాక్టర్లు బయల్దేరారు. విదేశీ మారకం కరువైన ఆ రోజుల్లో విమానమెక్కేవాడి చేతిలో 8 డాలర్లే ఉండేవి. అయినా చాలామందికి గ్రీన్‌కార్డు త్వరగానే వచ్చింది. మరో ఐదేళ్లకు పౌరసత్వం. పౌరుడైతే తల్లిదండ్రుల్ని కోటాతో పని లేకుండా పిలిపించుకోవచ్చు, తోబుట్టువులకు దరఖాస్తు పెట్టవచ్చు. అలా ఒక్క డాక్టరు వెనుక తమ్ముడు, చెల్లెలు, బావగారు, వాళ్ల పిల్లలు వెళ్లారు. 1977లో న్యూయార్క్‌లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) తొలి మహాసభ జరిగేనాటికి అక్కడ మనకంటూ ఒక సమాజం నిలబడింది. వాళ్లు పడ్డ బాధ తక్కువదేం కాదు. ఉత్తరం రావడానికి వారాలు పట్టేది. తండ్రి పోయాడన్న టెలిగ్రాం అందేసరికి ఇక్కడ దహనం కూడా అయిపోయేది. కానీ కుటుంబం ఒకచోట చేరుతుందన్న భరోసా చట్టంలోనే ఉండేది.

ఇప్పుడు వెళ్తున్నది ఇంజనీర్లు. 1977లో కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల పెట్టాక డెల్టా అంతటా అలాంటి కళాశాలలు వెలిశాయి. మాస్టర్స్, ఉద్యోగం, హెచ్‌-1బీ లాటరీ. చాలామంది బండి అక్కడే ఆగుతోంది. ఉద్యోగాల మీద ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులు 1,40,000. ఏ దేశానికైనా అందులో మామూలుగా 7 శాతమే, అంటే 9,800. భార్యాపిల్లల్నీ ఆ లెక్కలోనే కలుపుతారు. అందుకే మనవాళ్ల వరుస దశాబ్దాలకు పాకింది. కార్డు లేనిదే పౌరసత్వం లేదు, పౌరసత్వం లేనిదే తల్లిదండ్రుల్ని పిలిపించుకునే హక్కు లేదు. రెండేళ్ల వయసులో ఇక్కడి నుంచి తీసుకెళ్లిన పిల్లకు 21 నిండేసరికి తండ్రికి కార్డు రాకపోతే, ఆ పిల్ల వరుసలోంచి జారిపోవచ్చు. అక్కడే పుట్టిన తమ్ముడు మాత్రం పౌరుడు. ఒక కడుపున పుట్టిన ఇద్దరిని రెండు చట్టాల కింద పెంచుతున్న తల్లి కష్టం మన పెళ్లిచూపుల మాటల్లో ఎక్కడా వినపడదు.

రోజూ వీడియోలో చూసుకుంటున్నాం కదా అంటారు. నిజమే, మనవరాలి బోసినవ్వు కంకిపాడులో కూర్చుని చూడొచ్చు. కానీ అర్ధరాత్రి తాతకు గుండెనొప్పి వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లేది పక్కింటివాళ్లే. అక్కడ కొడుకు టికెట్టు కొనేముందు పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు చూసుకోవాలి. అది తీరిపోతే, వచ్చాక తిరిగి వెళ్లగలనో లేదోనని భయం. 2025 సెప్టెంబరులో విదేశాల నుంచి కొత్తగా తీసుకునే హెచ్‌-1బీ ఉద్యోగులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక ఆ భయం ఇంకా పెరిగింది.

ఉద్యోగ గ్రీన్‌కార్డులకు దేశాలవారీ పరిమితిని ఎత్తేసే బిల్లును అమెరికా ప్రతినిధుల సభ 2019 జూలైలో 365–65 ఓట్లతో ఆమోదించింది. అది చట్టం కాకుండానే పోయింది. 1965 చట్టం పుణ్యాన స్థిరపడి, ఇవాళ అక్కడ ఓటు, పలుకుబడి ఉన్న తెలుగువాళ్లు వేలమంది ఉన్నారు. వాళ్లకు చెప్పేదొకటే: మహాసభల మీద పెట్టే శ్రద్ధలో కొంత ఈ 7 శాతం మీద పెట్టండి, మీ ప్రతినిధుల్ని నిలదీయండి. తమ్ముళ్లకు మీరు తీర్చవలసిన బాకీ అది.

ఇక ఇక్కడి తల్లిదండ్రులకు ఒక మాట. పెదనాన్న వెళ్లి స్థిరపడ్డాడు కాబట్టి మనవాడూ స్థిరపడతాడనే నమ్మకంతో పొలం తాకట్టు పెట్టకండి. పెదనాన్న వెళ్లిన చట్టం వేరు, ఆ రోజులు వేరు. సంబంధం చూసేటప్పుడు హెచ్‌వన్నా, గ్రీన్‌కార్డా అని అడిగి ఊరుకోకండి. వరుసలో ఏ ఏడాది చేరాడో, ఎప్పటికి తేలుతుందో, తేలకపోతే ఏం చేయాలనుకుంటున్నాడో అడగండి. మన పెద్దతనంలో ఎవరు ఎక్కడ ఉండాలో పిల్లలు విమానం ఎక్కకముందే కూర్చుని మాట్లాడుకోండి.