డబ్బా మీద ‘పిల్లలు’ అంటే ఎవరండీ?

ఆంధ్రప్రదేశ్ ఆహార భద్రత కమిషనర్ గారికి,

విజయవాడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకునేవాణ్ణి. మొదటి సంవత్సరంలో స్కేలు లెక్క ఒకటుంది. పైనుంచి ఒకరు స్కేలు వదులుతారు, కింద వేళ్లు తెరిచి ఉంచినవాడు పట్టుకోవాలి. 20 సెంటీమీటర్లు జారాక పట్టుకుంటే, స్పందించడానికి 0.2 సెకను పట్టినట్టు. ఈమధ్య ఒక కుర్రాడు 16 దగ్గరే పట్టేశాడు. ఎలారా అంటే, “ఎనర్జీ డ్రింకు కొట్టొచ్చాను సార్” అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది.

ఒక్కసారి చూసి అది డ్రింకు మహిమేనని చెప్పలేం (వేళ్లు ముందే మూశాడేమో!). అలాగని వాడి మాట కొట్టిపారెయ్యలేను. అలసటను మెదడుకు తెలిపే అడెనోసిన్ కూర్చోవలసిన చోట ఆ డ్రింకులోని కెఫీన్ వెళ్లి కూర్చుంటుంది. మత్తు వదులుతుంది, చెయ్యి చురుగ్గా కదులుతుంది. అలసట మాత్రం అక్కడే ఉంటుంది. తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు 5 గంటలు. రాత్రి 9 గంటల స్టడీ అవర్‌కి తాగితే 2 గంటలకు కూడా సగం ఒంట్లోనే. చదివింది మెదడులో కుదురుకునేదేమో నిద్రలో. ఈఏపీసెట్‌లో స్కేలు పట్టుకోమనరు కదండీ, సూత్రం గుర్తుండాలి.

ఎనర్జీ డ్రింకు డబ్బాను విషమని నేననను. మన నిబంధనల ప్రకారం ఇలాంటి పానీయంలో కెఫీన్ లీటరుకు 300 మిల్లీగ్రాములు మించకూడదు. అంటే 250 మిల్లీలీటర్ల డబ్బాలో 75 దాకా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో కప్పు ఇన్‌స్టంట్ కాఫీకి 50 నుంచి 65. పెద్ద తేడా లేదు. కానీ పిల్లలు ఒక్క డబ్బాతో ఆగరు. బరువులో కిలోకి రోజుకు 3 మిల్లీగ్రాములు మించొద్దని ఐరోపా ఆహార భద్రత సంస్థ 2015లో పిల్లల విషయంలో చెప్పింది. 50 కిలోల కుర్రాడికి 150. రెండో డబ్బాతోనే సరి. పైన టీలు. జిమ్‌కి వెళ్లేవాళ్లు తెచ్చే పొడుల్లో అయితే ఒక్క స్కూపులోనే 200 ఉండేవి ఉన్నాయి.

‘పిల్లలకు తగదు’ అని డబ్బా మీద రాయాలని నిబంధన ఉంది. రాస్తున్నారు కూడా. చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో. నా కళ్లజోడు చాలక భూతద్దం పెట్టి చదివాను. పిల్లలంటే ఎన్నేళ్ల వరకో అందులో లేదు. పదిహేడేళ్లవాడు ఓటుకు చిన్నవాడు, డబ్బాకు పెద్దవాడా? లిథువేనియా 2014లోనే, పోలండ్ 2024 నుంచి, 18 నిండనివారికి ఈ డ్రింకులు అమ్మొద్దన్నాయి. ఆ వయసును మన నిబంధనలోనూ రాయమని ఢిల్లీకి మీరు లేఖ పెట్టండి. అది వచ్చేలోగా దుకాణాల్లో ఈ డబ్బాలుంచే ఫ్రిజ్ పక్కన తెలుగులో పెద్దక్షరాల బోర్డు పెట్టించండి. గుడివాడ నుంచో అవనిగడ్డ నుంచో పిల్లాణ్ణి హాస్టల్లో దింపి వెళ్లే తండ్రి కూడా చదువుకోగలగాలి.

మీ ఇన్‌స్పెక్టర్లను నిడమానూరు, పోరంకి హాస్టళ్ల వీధులకు పంపేటప్పుడు పగలు కాదు, స్టడీ అవర్‌కి అరగంట ముందు రమ్మనండి.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్,
విజయవాడ