సుంకం వేరు, అవశేషం వేరు

ఆక్వా రైతుల సభ ఎక్కడ జరిగినా వేదిక మీద నుంచి ఒక మాట వినిపిస్తోంది: "విదేశాలు పెట్టే నిబంధనలన్నీ మన రొయ్యను తొక్కడానికి పన్నిన కుట్రలే." ఆ మాటకు చప్పట్లు బాగా పడతాయి. అందులో సగం నిజముంది. మిగతా సగాన్ని ఖండించకపోతే నష్టపోయేది ఆ చప్పట్లు కొట్టిన రైతే.

నిజమున్న సగాన్ని ముందు ఒప్పుకుంటాను. 2005 నుంచి అమెరికా మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం వేస్తోంది. అది చాలదన్నట్టు, ఏడాది సరుకు మీద పడే సుంకానికి సరిపడా బాండు ముందే కట్టాలని దిగుమతిదారుల మీద ఒత్తిడి పెట్టింది. మనం ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కి 2008లో ఆ బాండు వివాదంలో గెలిచాం. 2012లో జపాన్ ఎథాక్సిక్విన్ పేరుతో మన కంటైనర్లను ఆపింది. మేతలోని చేపపిండి చెడిపోకుండా కలిపే పదార్థమది. రొయ్యలో 0.01 పీపీఎం దాటకూడదంది. ఆ అంకె రొయ్యను పరిశీలించి తేల్చింది కాదు, ప్రత్యేక హద్దు లేని ప్రతిదానికీ జపాన్ వర్తింపజేసే సాధారణ అంకె. మనవాళ్లు పట్టువిడవకుండా వాదించాక 2014లో దాన్ని 0.2కి పెంచింది. ఇక 2025 ఆగస్టులో 50 శాతానికి చేరిన అమెరికా అదనపు సుంకం సంగతి సరేసరి. అందులో సగం మనం రష్యా చమురు కొంటున్నామని వేసింది. రొయ్య చేసిన తప్పేమీ లేదు. ఇలాంటి వాటి మీద గొంతెత్తాల్సిందే.

కానీ యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షను కూడా తెచ్చి ఇదే గంపలో వేస్తున్నారు. నా అభ్యంతరం అక్కడే. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ మందులను రొయ్యల సాగులో వాడకూడదని మన దేశమే 2002లో నిషేధించింది. క్లోరాంఫెనికాల్ కొందరిలో ఎముక మజ్జను దెబ్బతీసి, ఒంట్లో రక్తం తయారవకుండా చేస్తుంది. ఎంత మోతాదు వరకు ఫరవాలేదో ఇప్పటికీ ఎవరూ తేల్చలేకపోయారు. ఆ మందు ఉన్న రొయ్యను బ్రస్సెల్స్‌లో తిన్నవాడికి ఎంత ముప్పో, నరసాపురంలో తిన్న పసిపిల్లకూ అంతే ముప్పు. మన సరుకులో ఇవి పదే పదే బయటపడ్డాకే యూరప్ 2016లో తనిఖీ చేసే కంటైనర్లను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. దీన్ని కుట్ర అంటే, మన నిషేధాన్ని మనమే కుట్ర అన్నట్టవుతుంది.

చెరువు గట్ల మీద చెలామణిలో ఉన్న మరో నమ్మకం దీనికన్నా ప్రమాదకరం. "పట్టుబడికి పది రోజుల ముందు మందు ఆపేస్తే ఏమీ దొరకదు" అంటారు. నైట్రోఫ్యురాన్ విషయంలో ఇది పూర్తిగా తప్పు. మందు కొన్ని గంటల్లోనే విరిగిపోతుంది, నిజమే. అయితే విరిగిన ముక్కలు రొయ్య కండలోని మాంసకృత్తులకు అతుక్కుని వారాల తరబడి నిలుస్తాయి. గడ్డకట్టించినా, ఉడికించినా పోవు. ల్యాబ్ వెతికేది ఆ ముక్కలనే. యూరప్ 2022 నవంబరు నుంచి వాటికి పెట్టిన హద్దును 1 పీపీబీ నుంచి 0.5కి తగ్గించింది. నిషేధించిన మందుకు "ఆపాల్సిన గడువు" అనేదే లేదు. పైగా రైతును నిలువునా ముంచే తెల్లమచ్చ వైరస్ జబ్బు. ఈహెచ్‌పీ మరో జాతి సూక్ష్మ పరాన్నజీవి. ఈ రెంటిమీదా యాంటీబయాటిక్ పనిచేయదు. పనిచేయని మందుకు డబ్బు పోసి, చివరికి సరుకునూ పోగొట్టుకుంటున్నాం.

శాస్త్రం పేరుతో అడ్డుచెప్పదగ్గ చోటు ఒకటుంది. సెమీకార్బజైడ్ అనే అవశేషం మందు వాడకపోయినా రొయ్య పెంకులో సహజంగానే కనిపించవచ్చు. దాన్ని మాత్రమే చూపి కంటైనర్ తిప్పి పంపితే ప్రశ్నించాలి. ఆ ప్రశ్న మన ల్యాబ్ కాగితాలతో వేయాలి గానీ సభలో కేకలతో కాదు.

"అయితే తప్పంతా రైతుదేనా?" అని అడిగేవారున్నారు. కాదు. ఆ మాటనూ అంతే గట్టిగా ఖండిస్తాను. "ప్రోబయాటిక్" అని అట్ట మీద రాసిన డబ్బాలో ఏముందో రైతుకెలా తెలుస్తుంది? హేచరీలో పిల్లకు ఏం పెట్టారో ఎవరు చెప్పారు? చెరువు మందులకు, మేతకు యాంటీబయాటిక్ లేదన్న ధ్రువీకరణ ఇచ్చే ఏర్పాటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ దగ్గరుంది. మేత నాణ్యత మీద ఆంధ్రప్రదేశ్ 2020లో ఏకంగా చట్టమే చేసింది. ఆ కాగితాలు దుకాణం అరల దాకా రావడం లేదు. కుట్ర అని కేకలేసినన్నాళ్లూ ఆ దుకాణదారును, ఆ హేచరీని అడిగేవాడే ఉండడు. నేరం సముద్రం అవతలివాడిదైపోతుంది.

"పరీక్ష పేరు చెప్పి ప్లాంటువాళ్లు కిలోకు ఇంతని ధర కొట్టేస్తున్నారు" అని ఆవేదన పడే రైతులున్నారు. ఇది న్యాయమైన ఫిర్యాదు. ఇలా జరగడానికి కారణం మాత్రం పరీక్ష ఉండటం కాదు, ఫలితం ప్లాంటు చేతిలోనే ఉండటం. పట్టుబడికి ముందు చెరువులోంచి నమూనా తీసి చూసేందుకు సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపెడా) ల్యాబులు భీమవరం, నెల్లూరు లాంటి చోట్ల ఉన్నాయి. యూరప్‌కు వెళ్లే సరుకుకు ఆ ధ్రువపత్రం ఎలాగూ కావాలి. 2024-25లో మనం ఎగుమతి చేసిన గడ్డకట్టించిన రొయ్య విలువ 43 వేల కోట్ల రూపాయల పైమాటే. ఇంత వ్యాపారంలో ప్రతి చెరువుకూ, చిన్న లీజు చెరువుకు కూడా, పట్టుబడికి ముందే పరీక్ష చేసి ఆ చీటీ నేరుగా రైతు చేతికివ్వడం మోయలేని ఖర్చేమీ కాదు. సభల్లో ఈ డిమాండు పెట్టండి. బయ్యర్ కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలో) చూసి ధర చెప్పేటప్పటికి ఆ చీటీ రైతు జేబులో ఉండాలి.