ఫైలు ఒకటే... తెరిచేది ఇద్దరు!

ఇంట్లో బీరు తయారుచేసుకోవడం అమెరికాలో చాలామందికి ఆదివారం సరదా. 1978లో అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం అందుకు దారి తెరిచింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అంటే సుమారు 757 లీటర్లు పన్ను లేకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదు, అంతే!

ఈ పనంతా లెక్కల మీదే నడుస్తుంది. మొలకెత్తించిన బార్లీ ఎంత, హాప్స్ పూలు ఎంతసేపు మరగాలి, ఏ ఈస్ట్ వెయ్యాలి... ఏది మారినా రుచి మారిపోతుంది. అందుకే ఆ కొలతలన్నీ బీర్‌స్మిత్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో దాచుకుంటారు. గ్యారేజీలోని ల్యాప్‌టాప్‌లోనూ, గదిలోని కంప్యూటర్‌లోనూ అవే కనిపించాలని డేటా ఫోల్డర్‌ని డ్రాప్‌బాక్స్‌లో పెడతారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఎందుకిలా?

బీర్‌స్మిత్‌లో రెసిపీలన్నీ ఒకే ఫైలులో ఉంటాయి. ఉదాహరణకు భర్త గ్యారేజీలో ఆ ఫైలు తెరిచాడు. అదే సమయంలో భార్య గదిలో తెరిచింది. ఇద్దరూ మార్పులు చేశారు. ఎవరిది ఉంచాలో డ్రాప్‌బాక్స్‌కి తెలియదు. ఒకదాన్ని అలాగే ఉంచి, రెండోదాన్ని ‘కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ’ అని పక్కన పెడుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ రెండోదాన్ని చూడదు. దాంతో కొత్త రెసిపీ మాయమైనట్టే! ఫైలు పూర్తిగా చేరకముందే ల్యాప్‌టాప్ మూసేసినా ఇబ్బందే.

ఏం చేయాలి?

* ముందు రెండుచోట్లా సాఫ్ట్‌వేర్ మూసేయాలి. సింక్ ఆపాలి. కంగారుపడి ఏదీ తుడిచేయకూడదు.

* ఫోల్డర్ మొత్తాన్ని, పాడైన ఫైళ్లతో సహా, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి.

* ఫైళ్ల సైజు, తేదీ చూడాలి. సైజు సున్నా అని ఉంటే అందులో ఏమీ మిగల్లేదని అర్థం. కాన్‌ఫ్లిక్టెడ్ కాపీ కనిపిస్తే, పోయిన రెసిపీ అందులో ఉండొచ్చు.

* డ్రాప్‌బాక్స్ వెబ్‌సైట్‌లో అదే ఫైలు పాత వెర్షన్లు వెతకాలి. ఉచిత ఖాతాలో 30 రోజుల వరకే దొరుకుతాయి. ఆలస్యం చేస్తే అంతే సంగతులు.

* మంచి ఫైలు దొరికాక ఒక్క కంప్యూటర్‌లోనే తెరిచి, అన్నీ ఉన్నాయని చూసుకున్నాకే మళ్లీ సింక్ పెట్టాలి.

ముందు జాగ్రత్త...

ఒకచోట మూసేసి, సింక్ పూర్తయ్యాకే రెండోచోట తెరవాలి. రెండింటిలోనూ సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఒకటే ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, సింక్‌ని బ్యాకప్ అనుకోకూడదు. సింక్ అద్దం లాంటిది. ఇక్కడ ఫైలు పాడైతే అక్కడా పాడైందే కనిపిస్తుంది. బ్యాకప్ ఫొటో లాంటిది. నిన్నటి రూపం అలాగే ఉంటుంది.

మన ఇంట్లో బీరు లెక్కలు లేకపోవచ్చు. నెలవారీ పద్దుల ఫైలో, పెళ్లి పిలుపుల జాబితానో ఇద్దరు ముగ్గురి కంప్యూటర్లలో ఉండనే ఉంటుంది. వారానికోసారి దాన్ని విడిగా ఓ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, తేదీ వేసి దాచండి. అయిదు నిమిషాల పని!