ఏడుగురి మాటకు బరువేది?

ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 స్థానాలు. మన తెగలకు రిజర్వు చేసినవి ఏడు. 2019లో ఆ ఏడూ ఒకే పార్టీకి కట్టబెట్టాం. అధికార పక్షంలో ఉంటే పనులవుతాయన్నారు కదా! ఏమైంది? షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో నెం. 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఏడుగురూ అధికార పక్షంలోనే ఉన్నారు. ఆ సభ ముగిసేదాకా దాని బదులు చట్టం రాలేదు.

వాళ్లనే తిట్టి లాభం లేదు. టికెట్ ఇచ్చేది అధినేత. విప్ ధిక్కరించి ఓటేస్తే ఫిరాయింపుల చట్టం కింద సభ్యత్వమే పోవచ్చు. ఓటు గూడెంది, పగ్గం పార్టీది.

ఇక లెక్క చూద్దాం. ఆ ఏడాది దాదాపు సగం ఓట్లకు 151 సీట్లొచ్చాయి. 2024లో అదే పార్టీకి 39 శాతం ఓట్లొస్తే దక్కినవి 11. గాలి మారింది గానీ సభ మళ్లీ ఒకవైపే ఒరిగింది. ఓట్ల నిష్పత్తిలో సీట్లిస్తే 2019లో గెలిచినవాళ్లకు సుమారు 87 వచ్చేవి. మెజారిటీకి 88 కావాలి. అప్పుడు మన ఏడుగురి గడప తొక్కక తప్పేది కాదు.

అలాగైతే ప్రభుత్వాలు నిలవవంటారు పట్నం పెద్దలు. నిలిచిన ప్రభుత్వాలు పోలవరం ముంపు గ్రామాలకు ఏం ఒరగబెట్టాయో వాళ్లే చెప్పాలి.

రిజర్వుడు స్థానాలు వదులుకోమనడం లేదు. అవి ఉండాలి, అభ్యర్థి పేరు ముందు గ్రామసభలో తేలాలి, సీట్లు ఓట్లను బట్టి రావాలి. టీచర్లం మనం, సాంఘికశాస్త్రం పీరియడ్‌లో ఈ లెక్క బోర్డు మీద వేద్దాం. పిల్లలు అడిగే ప్రశ్నలు ఓట్లకొచ్చిన నాయకులకు అప్పజెప్పుదాం.