దించిన స్తంభము

చదువవలసిన భాగము: యెషయా 33:20-24



2018 నవంబరులో ఇంగ్లండులోనున్న మా అబ్బాయి యింటికి వెళ్లినప్పుడు, సౌతాంప్టన్ దగ్గర హాంబుల్ నది ఒడ్డున తెరచాప పడవలను చూచాము. చలికాలము గనుక చాలా పడవలను గట్టు మీదికి ఎక్కించారు. కొన్నిటి స్తంభములను క్రేనుతో దించి, వంగిపోకుండ మూడు నాలుగు చోట్ల ఆనిక పెట్టి పడుకోబెట్టారు. ఒక వృద్ధుడు స్తంభమును బిగించి నిలిపే ఉక్కు తీగను పాత నూలుగుడ్డతో తుడుస్తున్నాడు. తళతళ మెరుస్తున్న తీగను మళ్లీ ఎందుకు తుడుస్తున్నారని అడిగాము.

"తుడవడం లేదండీ, వెదుకుతున్నాను" అన్నాడాయన.

ఆ తీగ 19 సన్నని ఉక్కు పోగులు పేనినది. ఒక పోగు తెగితే కంటికి కనబడకపోవచ్చు గాని గుడ్డ అక్కడ చిక్కుకొనును. వట్టి చేతితో తడిమితే చెయ్యి చీరుకొనును. ఒక్క పోగు తెగినా ఆ తీగనంతా మార్చవలసినదే. ఆయన మంచినీటితో ఉప్పు కడిగాడు. ఉప్పునీరు దిగి నిలిచే క్రింది కొనలలో సన్నని పగుళ్లున్నవేమో భూతద్దముతో చూచాడు. అల్యూమినియం స్తంభమునకు ఉక్కు మరలు తగిలిన చోట్ల తెల్లని పొడి పట్టినదేమో గమనించాడు. పైకొననున్న కప్పీలను త్రిప్పి చూచాడు. చివరకు వ్రేలెడు లేని ఒక చీల చూపి, "ఇది జారితే తీగ ఊడుతుంది, తీగ ఊడితే స్తంభమే కూలవచ్చు" అన్నాడు.

స్తంభము నిలబడియుండగా పైకొనను చూడవలెనంటే మనిషి అంత ఎత్తుకు ఎక్కాలి. దించినప్పుడు చిన్నపిల్లవాడైనా చూడగలడు.

ఆ మాట మాకు 2022లో జ్ఞాపకము వచ్చింది. మాలో ఒకరము తుంటి ఎముక విరిగి మంచాన పడగా, మరొకరము ప్రక్కన కూర్చుండిపోయాము. మూడు నెలలు పరిచర్య లేదు, ప్రయాణములు లేవు. మొదట దేవుని మీద సణిగాము. పిమ్మట ఆ గుడ్డ గుర్తుకు వచ్చి, మా జీవితములను మెల్లగా తడిమి చూచుకొన్నాము. ఒక చోట చిక్కుకొన్నది. పొలము గట్టు తగాదాతో అన్నయ్యతో ఏడేండ్లుగా మాటలు లేవు. సమాధానమును గూర్చి ఎన్ని ప్రసంగములు చేశామో! పనిలో నిలబడియున్నంత కాలము ఆ తెగిన పోగు మాకు కనబడలేదు.

ఫోను చేశాము. చాలాసేపు అవతల మాట లేదు. తరువాత, "కాలు ఎట్లా ఉందిరా?" అన్నాడు అన్నయ్య. మరుసటి ఆదివారము వదినతో కలిసి వచ్చాడు. గట్టు సంగతి ఇప్పటికీ తేలలేదు గాని పండుగకు రెండిళ్లవారము కలిసి భోజనము చేస్తున్నాము.

ప్రియులారా, త్రాళ్లు సడలి, స్తంభము అడుగు కదలి, చాప విప్పలేని ఓడను యెషయా ప్రవక్త వర్ణించాడు. అటువంటి స్థితి ఏ యింటికైనా రావచ్చును. వ్యాధి గాని, ఉద్యోగము పోవుట గాని, పదవీ విరమణ గాని మిమ్మును దించియుంటే, పారవేయబడితిమని అనుకొనకుడి. 139వ కీర్తన చివర దావీదు చేసిన ప్రార్థనను ఈ రాత్రి భార్యాభర్తలు కలిసి చేయండి. ఎక్కడ చిక్కుకొనునో అక్కడ ఆగండి. ఆ మనిషికి రేపే కబురు పంపండి.

స్తంభమును దించినవాడే దానిని మరల నిలువబెట్టును. ప్రభువు మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.