ఉద్యమం వారిది, దృశ్యం ఎవరిది?

నెల్లూరు జిల్లా పశ్చిమాన కొండాపురం, కలిగిరి ఇరుగుపొరుగు మండలాలు. కలిగిరి మండలంలోని దూబగుంటలో అక్షరాస్యతా కేంద్రానికి వచ్చిన స్త్రీలు ‘సీతమ్మ కథ’ పాఠాన్ని చర్చించి సారా దుకాణం మీదికి కదిలారు. ఆ కదలిక 1992లో జిల్లాలో సారా వేలం పాటలను అడ్డుకుని, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధానికి దారితీసింది. ముందు నిలిచినవారిలో అత్యధికులు దళిత, వెనుకబడిన కులాల కూలి స్త్రీలు. అయినా దూబగుంట రోశమ్మ పేరు తప్ప మరో పేరు మన విద్యార్థులు చెప్పలేరు.

నాడు తెలుగులో టెలివిజన్ అంటే దూరదర్శనే; ఈటీవీ వచ్చింది 1995లో. కనుక ఆ కాలపు కదిలే దృశ్యాన్ని ప్రధానంగా ప్రభుత్వ భాండాగారంలోనే వెతకాలి. చట్టప్రకారం ప్రసార హక్కు 25 ఏళ్లు. 1992 నాటి ప్రసారానికి అది 2017తో ముగిసింది. ఫిల్ముపై కాపీరైటు మాత్రం 60 ఏళ్లు, అంటే 2052 చివరిదాకా. పరిశోధనకు, విమర్శకు 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. కాని మినహాయింపు ఉన్నంత మాత్రాన టేపు చేతికి రాదు. హక్కు కాగితం మీద, ప్రతి బీరువాలో!

పురాదృశ్యాల లైసెన్సు ధర సాధారణంగా నిడివిని, ప్రసార ప్రాంతాన్ని, కాలపరిమితిని బట్టి ఉంటుంది. వార్తా చానళ్లకు ఈ లెక్క భారం కాదు. ఫెలోషిప్ డబ్బుతో డాక్యుమెంటరీ తీయబోయే దళిత విద్యార్థికి మోయలేనిది. గడువు తీరితే తీసిన చిత్రమూ మూలపడుతుంది. అమెరికా నల్లజాతి పౌరహక్కుల పోరాటంపై 1987లో వచ్చిన ‘ఐస్ ఆన్ ది ప్రైజ్’కు ఇదే జరిగింది. పాత ఫుటేజీ లైసెన్సులు ముగియడంతో ఏళ్ల తరబడి ప్రసారం ఆగింది. ఫోర్డ్ ఫౌండేషన్ వంటి దాతల సొమ్ముతో హక్కులు మళ్లీ కొన్నాకే 2006లో తిరిగి తెరకెక్కింది. మన ఉద్యమాలకు అటువంటి దాత ఎవరు?

ధర కన్నా లోతైన ప్రశ్న పేరుది. టేపుపై ‘ఆందోళన చేస్తున్న మహిళలు’ అని రాస్తే మంత్రి పేరుతో వెతికినవారికి మంత్రి దొరుకుతాడు, కూలి స్త్రీ దొరకదు. అగ్రకుల నాయకుడు వ్యక్తిగానూ, దళిత స్త్రీ గుంపుగానూ నమోదయ్యే ఈ పద్ధతి జనాభా లెక్కల కాలం నుంచీ మనకు అలవాటే. ఆమె ముఖానికి రుసుము వసూలు చేసే లావాదేవీలో ఆమెకు చోటే లేదు.

ప్రజాధనంతో చిత్రీకరించిన ఉద్యమ దృశ్యాలను బోధనకు, వాణిజ్యేతర చిత్రాలకు ప్రసార భారతి రుసుము లేకుండా, గడువు లేకుండా ఇవ్వాలి. ఒక ప్రతి ఆ మండలాల గ్రంథాలయాలకు చేరాలి. నాటి స్త్రీలు ఇప్పుడు వృద్ధులు. ఆ ముఖాలను గుర్తుపట్టి పేర్లు చెప్పగలిగినవారు వారే. 2052 దాకా వారు ఉండరు.